రెక్క కింది బట్ట

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆరుగురం. బాపు, అమ్మ, అవ్వ, ఆజం చిన్నాయిన, నేను, నల్గొండ నుంచి వచ్చిన దుర్గయ్య. దుర్గయ్యను ఇంట్లోవాళ్లతో కలిపి లెక్కపెట్టకూడదు గానీ, పొద్దున తొమ్మిదింటికి వచ్చినవాడు మధ్యాహ్నం తిండి అయ్యాక కూడా అరుగు దిగలేదు కాబట్టి కలుపుతున్నాను. ఏడోది విమానం రెక్క. వాకిట్లో రెండు నులక మంచాలు జరిపి, వాటి మీద పడుకోబెట్టారు. దాని కంపు వంటింటి దాకా వచ్చింది కాబట్టి అది కూడా ఇంట్లో ఉన్నట్టే.

విమానమంటే హైదరాబాదులో దిగే పెద్దది కాదు. ఇద్దరు కూర్చునేది. అల్యూమినియం గొట్టాలు, వాటి మీద బిగించి తొడిగిన బట్ట, ఒక చిన్న ఇంజను, అంతే. నల్గొండ దగ్గర కోళ్ల ఫారాలున్న ఒక సేటు ఎప్పుడో సరదాపడి కొన్నాడట. సరదా తీరాక కోళ్ల షెడ్డులో ఒక పక్కకు తోసేశాడు. దాన్ని ఎవరికో ఒకరికి అంటగట్టే పని దుర్గయ్యది. కొనాలని ఉన్నది చిన్నాయినకు.

చిన్నాయిన హైదరాబాదు అవతల ఒక మైదానంలో ఇట్లాంటి విమానాల దగ్గర నాలుగేళ్లు మెకానిక్కుగా పనిచేశాడు. అక్కడే నడపడం నేర్చుకున్నాడు. ఆ మైదానం మూతపడ్డాక ఊరికి వచ్చి, కొత్తకోట రోడ్డు మీద లారీలకు గ్రీజు కొడుతున్నాడు. ఊళ్లో ఆయన పేరు గాలిమోటరు ఆజం. పిల్లలు కూడా అట్లానే పిలిచేవారు. నల్గొండ వైపు పత్తి చేలకు పైనుంచి మందు కొట్టే పని దొరుకుతుందని, ఎలక్షన్లప్పుడు కాగితాలు చల్లే పని ఉంటుందని ఆయన రెండేళ్లుగా అందరికీ చెప్తున్నాడు.

వారం కింద ఒక్కడే వెళ్లి దాన్ని చూసి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని బాపుకు చెప్పాడు.

"ఇంజన్ల రింగులు పోయినయ్ అన్నా. అది నేను విప్పి చేసుకుంట, ఫికర్ లేదు. కోడి పెంట ఘాటుకు గొట్టాలకు తెల్లగ పొడి పట్టింది. గీకి చూసిన, పైపైనే ఉంది. తీగలు కొత్తవి ఏస్త. ఇగ మిగిలింది బట్ట."

"బట్టకేమైంది?" అన్నాడు బాపు.

"అదే నాకు తెల్వది. ఇంజన్ ఆగిందనుకో, ఏ చెలకలనో దింపుకుంట. గాలిల బట్ట చినిగితే దింపుడు ఉండదు, పడుడే. బట్ట సంగతి నీకు తెలిసినంత నాకు తెల్వదు. నువ్వు మంచిగుంది అంటే కొంట. లేదంటే ఇడిసిపెడ్త."

బాపు లారీల మీద కప్పే టార్పాలిన్లు కుడతాడు. మా అవ్వ వాళ్ల కాలంలో దూది ఏకేవాళ్లం, పరుపులు కుట్టేవాళ్లం. బాపు రోడ్డు పక్కకు మిషను తెచ్చుకున్నాక టార్పాలిన్లే మా పని. పదో ఏట నుంచి చేతికుట్లు నేను వేస్తున్నాను. టార్పాలిన్‌ను పాడుచేసేది వాన కాదు, ఎండ. లారీ మీద అన్నిటికన్నా ఎత్తున ఉండి, పొద్దంతా ఎండ తినే చోట బట్టను రెండు గోళ్ల నడుమ పట్టి లాగాలి. బతికి ఉన్న బట్ట వేలిని కోస్తుంది. చచ్చిన బట్ట ఎండిన ఉల్లిపొట్టు లాగా వస్తుంది. దాన్ని కుట్టకూడదు, సూది దిగిన ప్రతి చోట మళ్లీ చినుగుతుంది. పాతవి అమ్మేవాళ్లు మాత్రం ఎండ తగలని, మడత లోపలి భాగం తీసి చూపిస్తారు. వాళ్లను చూస్తే బాపుకు ఒళ్లు మండేది. ఇదంతా బాపే నాకు నేర్పాడు.

అందుకే రెక్కను విప్పించి, లారీలో వేయించి తెచ్చాడు చిన్నాయిన.

పైన కొత్తగా వెండి రంగు పూశారు. రంగు వాసన, దాని కింద కోడి పెంట వాసన, ఆ రెండింటి కింద ఇంకేదో పుల్లటి వాసన. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చాయ్ తెచ్చింది.

"షెడ్డు లోపటనే ఉంది సర్దారన్నా," అన్నాడు దుర్గయ్య బాపుతో. "ఎండ మొకం సూడలె. మా సేటు సొంత బిడ్డ లెక్క సూసుకున్నడు."

"సొంత బిడ్డను కోడి పెంటల పండవెడ్తడా మీ సేటు?" అంది అవ్వ.

"అవ్వా, నువ్వు వకీలు కావాల్సింది!" అని దుర్గయ్య తొడ చరుచుకుని నవ్వాడు. "వాసనేముంది, రెండు దినాలు గాలికి పెడ్తే పోతది. పైలట్ సాబ్, నువ్వు పైకి పోయినంక ఇంక వాసనెక్కడిది?"

చిన్నాయిన కూడా నవ్వాడు. పైలట్ సాబ్ అని మా ఊళ్లో ఇంతవరకు ఆయన్ను ఎవరూ అనలేదు.

అతిథి వచ్చాడని అమ్మ కోడిని కోసింది. దుర్గయ్య ఎముకలు విరిచి, లోపలిది జుర్రుకుని, తుంపిన ముక్కలను మంచం కిందికి విసిరాడు. చేయి కడుక్కోకుండానే వాకిట్లోకి వెళ్లి, రెక్క అంచుకు వేళ్లు రాసి, "సూడుండ్రి, మరక సుత పట్టది," అన్నాడు. నిజంగానే పట్టలేదు. నూనె మెరుస్తూ అక్కడే నిలబడింది.

"బకెట్ల నీళ్లు తెచ్చి జర తుడువు బిడ్డా," అన్నాడు బాపు.

తుడుస్తూ రెక్క మొదలు దగ్గరకు వచ్చాను. అక్కడ గొట్టం పక్కన పిడికిలి పట్టేంత రంధ్రం ఉంది. లోపల ఏదో ఇరుక్కున్నట్టు కనిపిస్తే చేయి పెట్టాను. తడి కాగితాలు, పీచు, వెచ్చగా మెత్తగా ఏదో. బయటికి తీస్తే ఎలుక గూడు. ఇంకా కళ్లు తెరవని నాలుగు పిల్లలు. రెండు కదులుతున్నాయి, రెండు కదలడం లేదు. ఆ పుల్లటి వాసన దేనిదో తెలిసింది. నా చేయి మోచేతి దాకా ఎలుక ఉచ్చ.

"ఎలుక కాపురం పెట్టిందంటే ఇల్లు మంచిదనే కదా పోరీ!" అన్నాడు దుర్గయ్య.

అందరూ నవ్వారు. బాపు కూడా. బాపు నవ్విన నవ్వు ఎట్లా ఉందంటే, లారీ యజమాని ఎదుట నిలబడి నవ్వేది. ఇంట్లో ఆయన అట్లా నవ్వగా నేను చూడలేదు.

మిగిలిన చెత్త తీద్దామని మళ్లీ చేయి పెట్టాను. ఈసారి వేళ్లకు పైబట్ట లోపలి వైపు తగిలింది. రంగు అక్కడికి చేరలేదు. ముట్టుకుంటే పిండి లాంటి పొడి రాలింది. రెండు గోళ్ల నడుమ పట్టి లాగాను. లాగినట్టు కూడా అనిపించలేదు, ముక్క చేతిలోకి వచ్చేసింది. పసుపు రంగులో, ఉల్లిపొట్టులాగా. రెండు మూడు ఎండాకాలాలు ఆరుబయట నిలబడితే తప్ప బట్ట అట్లా కాదు.

ముక్కను గుప్పిట్లో పెట్టుకుని వంటింట్లోకి వెళ్లాను.

"అమ్మా, పైబట్ట చచ్చింది."

"మొగోళ్లు మాట్లాడుకుంటున్నరు. నీకెందుకే? ముందు ఆ చెయ్యి కడుక్కో, పో."

పెరట్లో గోలెం దగ్గర సబ్బుతో మూడుసార్లు కడిగాను. వాసన పోలేదు. అప్పుడే బాపు, దుర్గయ్య చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చారు. నేను తడక వెనక ఉన్నాను. పిలవాలనే అనుకున్నాను, కానీ నాకు గొంతు ఎప్పుడూ ఒక్క నిమిషం ఆలస్యంగా వస్తుంది.

"సర్దారన్నా, నీతోని ఇంకో ముచ్చట," అన్నాడు దుర్గయ్య. "మా సేటుకు ఎనిమిది షెడ్లున్నయ్. వాన జల్లు పడకుండ అన్నిటికి పక్క పరదలు మార్చాలె. మంచిగ కుట్టెటోని కోసం సూస్తున్నం. ఈ ముచ్చట సాఫీగ అయిపోతే, ఆ పని ఇంకొకని చేతికి ఎందుకు పోతది?"

ఆ ఏడు లారీలవాళ్లు సగం మంది ప్లాస్టిక్ పట్టాలకు మారారు. మిషను మీద నాలుగు రోజులకొకసారి దుమ్ము తుడుస్తున్నది నేనే. అయినా బాపు తిడతాడనే అనుకున్నాను. 'నా తమ్ముని పానం మీద బేరం పెడ్తున్నవా' అంటాడనుకున్నాను. ఆ మాట వినడానికి చెవులు రిక్కించి నిలబడ్డాను.

"పరద పొడుగెంత ఉంటది?" అన్నాడు బాపు.

ఎలుక గూడు చేతికి తగిలినప్పుడు కూడా నాకు అంత రోత పుట్టలేదు.

వాళ్లు వాకిట్లోకి వెళ్లారు. నేను వెనకే వెళ్లి అరుగు స్తంభం దగ్గర నిలబడ్డాను. చిన్నాయిన చేతులు కట్టుకుని రెక్క పక్కన ఉన్నాడు, దవాఖానలో డాక్టరు ముందు నిలబడ్డట్టు.

బాపు రెక్క చుట్టూ ఒకసారి తిరిగాడు. పైబట్ట మీద అరచేయి పెట్టాడు. నేను ఆయన చేతినే చూస్తున్నాను. ఆ చేయి గోళ్లు దగ్గరకు చేర్చలేదు. ఊరికే నిమిరి వదిలేసింది.

"ఆజమూ, జర అటు పట్టు. తిప్పుదాం," అన్నాడు.

ఇద్దరూ కలిసి రెక్కను తిరగవేశారు. ఎండ చూసిన వైపు మంచాల కిందికి పోయింది. ఎప్పుడూ నేల వైపే ఉండే కిందిబట్ట పైకి వచ్చింది. బాపు దాన్ని రెండు చేతులా పట్టి, గొట్టానికి మోకాలు ఆనించి, పళ్లు బిగించి లాగాడు. బట్ట కదల్లేదు.

"నువ్వు గుంజు."

చిన్నాయిన గుంజాడు. మంచం కిర్రుమంది గానీ బట్టకు ఏమీ కాలేదు. ఆయన ముఖంలోకి నెత్తురు వచ్చింది.

"మరి పై దిక్కు అన్నా?"

"ఒకటే తాను బట్ట గదరా. కింద గిట్లుంటే పైన ఇంకోతీరుగ ఉంటదా? ఎలుకలు కొరికిన కాడ మాసికలు ఏస్త."

"నేను చెప్పలె?" అన్నాడు దుర్గయ్య.

"అన్న చెప్పినంక ఇంకేముంది," అని చిన్నాయిన దుర్గయ్య చేయి పట్టుకున్నాడు. అదే చేయి, ఎముకలు జుర్రిన చేయి. "తీస్కుంట. నల్గొండకు ఎల్లుండి వస్త."

నేను వెళ్లి రెండు మంచాల సందులో నేల మీద కూర్చున్నాను. రెక్క నా తల మీద ఉంది. వెండి రంగు కళ్లకు దగ్గరగా కనిపిస్తోంది. బొటనవేలు ఆనించి పైకి నొక్కాను. రంగు పెచ్చు లేచింది, వేలు బట్టలో నుంచి దూరిపోయింది.

"చిన్నాయినా, ఇటు చూడు."

ఆయన వంగాడు. నేను వేలిని అట్లాగే ముందుకు జరిపాను. జానెడు, తర్వాత మూరెడు. బలం పెట్టలేదు. దుమ్ము నా కళ్లలో, నోట్లో పడింది.

ముందు దుర్గయ్యే అన్నాడు: "ఆడపిల్లకు గోర్లు శానా పెంచినవ్ సర్దారన్నా."

"దాని గోరు కాదు," అంది అవ్వ. "పోరి వేలు పెడ్తనే చినిగింది గదరా ఆజమూ. మీద నువ్వు కూసుంటవా?"

చిన్నాయిన లేచి నిలబడ్డాడు. నన్ను చూడలేదు, దుర్గయ్యను చూడలేదు. "అన్నా?"

"అది ఎలుక కొరికిన జాగా," అన్నాడు బాపు.

"కాదు," అన్నాను మంచం కింద నుంచి. "అంతటా గిట్లనే ఉంది. ఎండకు చచ్చింది. చచ్చిన బట్టకు సూది పెట్టద్దని బాపే చెప్పిండు."

"ముప్పై ఏండ్ల సంది కుడుతున్న. బట్ట గురించి నాకు తెలుసా, దానికి తెలుసా?"

"నీకే తెలుసు అన్నా. అందుకే అడుగుతున్న," అన్నాడు చిన్నాయిన. గొంతు తగ్గింది. "మాసికలు ఏస్తే ఆగుతదా? ఒక్క మాట చెప్పు. ఆగుతదంటే ఆగుతది, నేను మల్ల అడుగ."

బాపు తమ్ముడి ముఖం వైపు చూడలేదు. నేను చేసిన చిరుగు అంచును సరిచేస్తున్నట్టు వంగి, "ఆగుతది," అన్నాడు.

చిన్నాయిన ఊపిరి వదిలాడు. ఆయనకు కావలసింది ఆ మాటే. మూరెడు చిరుగు కళ్ల ముందు వేలాడుతుంటే, దాన్ని చూడకుండా ఉండటానికి ఆయనకు ఆ ఒక్క మాట చాలింది. దుర్గయ్య అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఆ ముగ్గురిలో ఎవరిని చూసి ఎక్కువ అసహ్యం కలిగిందో ఇప్పటికీ చెప్పలేను.

సందులో నుంచి బయటికి వచ్చాను. గొంతు ఈసారి ఆలస్యం చేయలేదు.

"బాపూ, ఎనిమిది షెడ్ల పరదలు కుట్టిపిస్తరని ఆగుతదంటున్నవా?"

అవ్వ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. బాపు కొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా రెక్క పట్టుకుని అరుగు ఎక్కించి లోపలి అర్ర దాకా నడిపించాడు. ఆయన చేయి కూడా కోడి పెంట వాసన వేస్తోంది. నన్ను గడప దాటించాడు.

"ఏం పరదలన్నా?" అని వాకిట్లో నుంచి చిన్నాయిన అడిగాడు.

బాపు అర్ర తలుపు దగ్గరికి వేసి, బయట గొళ్లెం పెట్టాడు.