కళ్ళ మీద నల్ల పట్టీ

"ఇయ్యాల ఏదో అయితదే భవానీ, పొద్దుగాల్నుంచి నా గుండె గుంజుతున్నది," అంది యాదమ్మ, హఫీజ్‌పేట స్టేషన్లో రైలు ఎక్కకముందే.

భవాని రైలు వచ్చే వైపు చూసింది. తల్లి గుండె గుంజని రోజును ఆమె పుట్టినప్పటి నుంచీ ఎరగదు.

యాదమ్మ హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనాన్ని తుడుస్తుంది. ఫినాయిల్‌కు వేళ్ళ సందులు పగిలిపోయాయి. బకెట్ మోసీ మోసీ కుడి భుజం కిందికి జారింది. ఎనిమిదో అంతస్తులో ఫ్యాషన్ పత్రిక ఆఫీసు. కూతుర్ని అక్కడ బట్టలు ఇస్త్రీ చేసే పనిలో పెట్టించింది కూడా తనే, కళ్ళ ముందు పడి ఉంటుందని.

ఆ పత్రిక ఆమెకు ఒక పట్టాన మింగుడు పడదు. చీరల కొట్ల బోర్డుల మీద ఆడపిల్లలు తళతళలాడుతుంటారు. ఇక్కడేమో వంకర అక్షరాలు, జిరాక్సు మరకలు, మొహాన కొట్టినట్టుండే ఫ్లాషు, సగానికి నరికిన తలకాయలు. పుస్తకంలో అంతే, ఫోన్లోనైతే అవే బొమ్మలు దయ్యం పట్టినట్టు వణుకుతాయి. పెద్ద చదువుల పిచ్చి అనుకుని, గోడ వైపు చూడకుండా తుడుచుకుంటూ పోయేది.

ఇవాళ తుడుపుకర్ర ఆగిపోయింది. అచ్చుకు పోవలసిన పేజీలు గోడ నిండా అంటించారు. నడుమ ఒక పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. మణికట్టు మీద నూనె చిట్లి కాలిన మచ్చ. ఆ మచ్చకు మందు రాసింది తనే. పిల్ల కళ్ళ మీద అడ్డంగా నల్ల పట్టీ.

ఏడో తరగతితో బడి మానేసినా, పేపర్లో ఆ పట్టీ ఎవరికి వేస్తారో యాదమ్మకు తెలుసు. పోలీసులకు దొరికినవాళ్ళకి. బతుకు పాడైందని లోకం తీర్పు చెప్పేసిన ఆడపిల్లలకి.

"సారూ! నా బిడ్డ ఎవల కొంప ముంచిందని గిట్ల ఏసిన్రు?"

పేజీలు దిద్దే హేమంత్ ఉలిక్కిపడి లేచాడు. "అయ్యో ఆంటీ, అది స్టైలు. కళ్ళు దాస్తే ఇంకా చూడాలనిపిస్తాది."

"అట్లనా! మరి పక్క పేజీల మీ ఆఫీసు భార్గవి మేడంకు లేదేంది పట్టీ? పేరు గూడ గింత పెద్దగ ఏసిన్రు. ఆమెవి కండ్లు, నా బిడ్డవి గుంతలా?"

హేమంత్ నోరు తెరిచాడు. ఇస్త్రీ బల్ల దగ్గరున్న భవాని వైపు చూసి మూసుకున్నాడు.

యాదమ్మ పేజీని పట్టి ఫర్రున లాగింది. గోడ మీద నాలుగు మూలల ముక్కలే మిగిలాయి. "ఇగ ఎట్ల అచ్చేస్తరో జూస్త! పేదోళ్ళ పిల్లంటే దొంగ లెక్క కనవడ్తదా మీకు? ఏందే భవానీ, నోరు వడిపోయిందా? అడగవేందే ఈళ్ళని!"

భవాని ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, తల్లి మొహంలోకి చూసింది.

"ఆ పట్టీ నేనే ఎయ్యమన్న అమ్మా," అంది. "సార్లు వద్దనే అన్నరు. పేరు గూడ నేనే తీపిచ్చిన. నలుగురు నన్ను గుర్తువడితె నువ్వు సస్తవని." హేమంత్ వైపు తిరిగింది. "ఇగ తీసెయ్యిన్రి సారూ. పేరు గూడ ఎయ్యిన్రి. అమ్మా, నేను ఇగ ఇంటికి రాను, నల్లగండ్ల హాస్టల్ల ఉంట."

బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

ఇస్త్రీ బల్ల అంచున, కళ్ళు తప్ప మొహమంతా కప్పేలా తల్లి రోజూ తన చేత్తో భవానికి కట్టి తీసుకొచ్చే పూల స్కార్ఫు, వేసిన ముడి వేసినట్టే పడి ఉంది.