దాని రంగే అది

జగ్గారావు బెల్టు కింద పడిన ఓరును పారతో ఎత్తి తట్టలో పోస్తున్నాడు. కొండల నుంచి రైల్లో వచ్చే ఇనుపరాయిని పోర్టులో ఓరు అంటారు. అది ఆ బెల్టు మీదుగానే ఓడలోకి వెళుతుంది. దారిలో జారిపడినదాన్ని ఎత్తిపోయడమే పద్దెనిమిదేళ్లుగా అతని ఉద్యోగం. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. చెవి మడతల్లో, గోళ్లలో, కనురెప్పల అంచున ఎర్రదుమ్ము. మల్కాపురంలో ఇంటి ముందు దండెం మీద ఆరే అతని బనియన్లు చూసి కొత్తవాళ్లు ఎవరో స్వాములవారు దిగారనుకుంటారు. స్నానానికి కూర్చుంటే మొదటి నాలుగు చెంబులూ ఎర్రగానే పారతాయి. అలాంటి మనిషి దుమ్మును చూసి రంగు అంటే ఎవరు నమ్ముతారు? భీమశంకరరావు మేస్టారు నమ్మారు.

మేస్టారు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. కార్తీకం వచ్చిందంటే ఎక్కడెక్కడి పక్షులో పోర్టు వెనక మడుగుల్లో దిగేవి. లోపలికి అనుమతి లేదు కనుక ఆయన సైకిలు ఆనించి, ముళ్లకంచె బయట బైనాక్యులర్స్‌తో నిలబడేవారు. లోపల పనిచేసే జగ్గారావును, మీ కంటికి కొత్తగా ఏదైనా కనబడితే చెప్పండి అని అడిగారు. అతన్ని ‘మీరు’ అన్నవాళ్లు అంతకుముందు లేరు.

మూడేళ్ల కిందట, కార్తీకం చివర్లో, ఓరు గుట్టల పక్క గుంటలో ఇటుకరంగు పక్షి ఒకటి కనబడింది. జగ్గారావు పరుగున వెళ్లి చెప్పాడు. మేస్టారు నాలుగు సాయంత్రాలు కంచె పట్టుకుని చూశారు. ఈ తీరంలో ఇంతవరకూ ఎవరూ చూడని పక్షి అని పత్రికకు రాశారు. మొదట చూసినవారు జగ్గారావు గారు అని కూడా వేయించారు. ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, ఆ అక్షరాలు వేలితో చూపించారు. జగ్గారావు కూడబలుక్కుని చదువుకున్నాడు. ‘గారు’ దగ్గర రెండుసార్లు ఆగాడు.

మర్నాడు వాన పడింది. గుంటగట్టున ఆ పక్షి ఒళ్లు విదిలించుకుంటోంది. ఎరుపంతా కారిపోయి, మామూలు తెల్ల సముద్రపక్షి బయటపడింది. జగ్గారావు తడుస్తూ చూస్తూ ఉండిపోయాడు.

వారం తిరక్కుండా, అది ఉత్త ఓరు దుమ్మని ఎవరో అదే పత్రికకు రాశారు. మేస్టారు కంచె దగ్గరికి వచ్చారు.

“మీరు దగ్గర్నుంచి చూశారు. దుమ్ము కాదు కదా జగ్గారావు గారూ?”

“దుమ్ము కాదు బాబూ. దాని రంగే అది. నాను సూసినాను.”

ఆ ‘గారు’ పోతుందేమోనని భయపడ్డాడు, అంతే. పోయింది మాత్రం మేస్టారి పరువు. జగ్గారావు కళ్లారా చూశాడని ఆయన అందరితోనూ వాదించారు. కాలేజీవాళ్లు ఆయనకు ఎర్రపిట్ట మేస్టారని పేరు పెట్టారు, సభలకు పిలవడం మానేశారు. అయినా ఏటా కార్తీకంలో కంచె దగ్గరికి వచ్చి, వచ్చిందా అని అడిగేవారు. లేదు బాబూ అనేవాడు జగ్గారావు. ఆ ఒక్క మాటా నిజమే.

ఈ ఏడు మార్గశిరం వచ్చినా మేస్టారు రాలేదు. జలుబు చేసి ఉంటుందనుకున్నాడు.

ఈ పొద్దున పారకు మెత్తగా ఏదో తగిలింది. వంగి చూస్తే, బెల్టుకు కొట్టుకుని సోలిపోయిన పక్షి. అదే ఇటుకరంగు. చేతుల్లోకి తీసుకుంటే గుండె టకటకా కొట్టుకుంటోంది. అతని అరచేతి చెమటకు దాని వీపున తెల్లటి చార పడింది. జగ్గారావుకు మూడేళ్ల సిగ్గూ ఒక్కసారిగా ముంచుకొచ్చింది. ఇవాళ చెప్పేయాలి. పక్షిని తువ్వాలులో చుట్టి, నీడన పెట్టాడు. భార్య అసిరమ్మ కట్టిన అన్నం సగమే తిన్నాడు. రెండింటికి షిఫ్టు దిగి, సంచీతో మహారాణిపేట బస్సెక్కాడు. దుమ్ము అంటుతుందని పక్కవాళ్లు జరిగి కూర్చున్నారు.

మేస్టారి భార్య గంగాభవాని తలుపు తీసింది. ఆమె నుదుట బొట్టు లేదు. పదిహేను రోజులైందట. నిద్రలోనే పోయారట.

ఆమె లోపలికి వెళ్లి బైనాక్యులర్స్ తెచ్చి అరుగు మీద పెట్టింది.

“నీకిమ్మని ముందే చెప్పి ఉంచారు. అది మళ్లీ వస్తే జగ్గారావు గారే చూడాలి అన్నారు.”

జగ్గారావు వాటిని ముట్టుకోలేదు. పెరటి కుళాయి దగ్గరికి వెళ్లి, తువ్వాలు విప్పి, పక్షి మీద మెల్లగా నీళ్లు పోశాడు. గచ్చు మీద ఎర్రనీళ్లు పారాయి. అతని చేతుల్లో తెల్లటి పక్షి మిగిలింది. గంగాభవాని వెనకాలే వచ్చి చూస్తోంది.

“ఇదే తల్లీ అది. మేస్టారితో నాను అబద్దమాడినాను.”

ఆమె ఆ నీళ్లవైపు చూసింది.

“ఆయన ఉండగా ఈ మాట చెప్పలేకపోయావా నాయనా?”

గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండునని జగ్గారావుకు అనిపించింది. పక్షి ప్రహరీ మీద కాసేపు రెక్కలు ఆరబెట్టుకుని సముద్రం వైపు వెళ్లిపోయింది. ఖాళీ తువ్వాలు సంచీలో పెట్టుకుని అతనూ వెళ్లిపోయాడు.

అరుగు మీద బైనాక్యులర్స్ అలాగే ఉన్నాయి. తోలుపట్టీకి కట్టిన చీటీ మీద మేస్టారి చేతిరాత: జగ్గారావు గారికి.