పాలుపోని శిక్షణ

ట్రైన్‌లో వచ్చాడు కాబట్టే ఆయన్ని ట్రైనర్ అంటున్నారని నేను మొదటిరోజే అన్నాను. హాల్లో నర్సులందరూ నవ్వారు. గణపతిరావుగారు మాత్రం నవ్వలేదు. విశాఖపట్నం నుంచి కిరండూల్ పాసింజర్లో సొరంగాలన్నీ దాటి వచ్చిన ఆ మనిషి, మొహం మాత్రం ఆఖరి సొరంగంలోనే మరిచిపోయి వచ్చినట్టున్నాడు.

"మీ పేరేంటి సిస్టర్?"

"నూకరత్నం సార్. స్టాఫ్ నర్సుని. ఈ గోడకవతల ఆసుపత్రిలో కాన్పుల వార్డు నాదే."

"ఇక్కడ హాస్యాలొద్దు. ఇది శిక్షణ."

"తెలుసు సార్. ముందు సగం ఇప్పటికే అనుభవిస్తున్నాం."

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. పాలిచ్చే తల్లులకు సాయపడటం ఎలాగో మా ఏజెన్సీ నర్సులకు, ఏఎన్ఎమ్‌లకు మూడు రోజులు నేర్పిస్తామన్నారు. ఆహ్వానంలో 'అందరూ పాలుపంచుకోవాలి' అని అచ్చేశారు. సరేనని కొండల మీది సబ్ సెంటర్లన్నిటికీ తాళాలు వేసి అందరూ దిగొచ్చారు. మా వార్డుని కూడా ఆయా పైడితల్లికి అప్పగించి, నన్ను తెచ్చి ఈ హాల్లో కూర్చోబెట్టారు. తల్లులకు సాయం చేసేవాళ్లంతా గోడకి ఇటు, తల్లులు గోడకి అటు. ఈ ఏర్పాటు చేసిన బుర్ర ఎవరిదో గాని, పాలు పోస్తే విరిగిపోయేదే.

మూడో రోజు సంత రోజు కూడా. పొద్దుటి నుంచీ నాకు కాలు నిలవడం లేదు. కారణం సోని.

సోనికి ఇది తొలికాన్పు. కొండమీది ఊరి నుంచి డోలీలో మోసుకొచ్చారు. కష్టమైన కాన్పు, ఎలాగో గట్టెక్కింది. ఆడపిల్ల. గట్టెక్కనిది పాల దగ్గర. అత్త కనక వచ్చీరాగానే ముర్రుపాలు ఆకులోకి పిండి పారబోసింది. "ఈ పచ్చపాలు బిడ్డకి పడవు," అంది. నేను అరిచాను. నేను అరిస్తే సంతలో మేకలు కూడా తల తిప్పుతాయి, కనక మాత్రం తిప్పలేదు. తర్వాత పాలు పడ్డాయి, పడి రాయిలా గట్టిపడ్డాయి. బిడ్డ నోరు పెడుతుంది, అందదు, ఏడుస్తుంది, తల విదిలించి వెనక్కి విరుచుకుంటుంది. సోని కూడా ఏడుస్తుంది. గుడ్డ వత్తితో పంచదార నీళ్లు నాకించి నెట్టుకొస్తున్నారు.

మొగుడు భీముడు పాపం ఊరికే కూర్చోలేక, సంతలో షావుకారు కొట్టుకెళ్లి పాలపొడి డబ్బా కొన్నాడు. "దీనిముందు తల్లిపాలేటి!" అని షావుకారు డబ్బా కొట్టి మరీ డబ్బా అమ్మాడట. దాన్ని ఒళ్లో పెట్టుకుని భీముడు వార్డు బయట గోడవారగా కూర్చున్నాడు. మధ్యాహ్నం సంత జీపు కొండెక్కుతుంది. అది పోతే మళ్లీ వచ్చే సంతకే. ఆ జీపులో తల్లి, బిడ్డ, డబ్బా కలిసి వెళ్లిపోతాయి.

పోయిన వానాకాలం అదే ఊరి నుంచి ఇంకో డబ్బాపాల బిడ్డ మా వార్డుకొచ్చింది. కాచకుండా గెడ్డలో పారే నీళ్లతో కలిపిన పాలు. విరేచనాలు. తిరిగి వెళ్లేటప్పుడు ఆ తల్లి ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంకలో దోపుకుంది. అప్పుడు నాకు ఒక్క చమత్కారం కూడా తోచలేదు.

హాల్లో కరెంటు పోయింది. తెరమీది బొమ్మ మాయమైంది. "అయితే రోల్ ప్లే చేద్దాం," అన్నారు గణపతిరావుగారు. రోలు అనగానే ఆయన కళ్లు నామీదే ఎందుకు పడ్డాయో నా ఆకారం చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. నేను తల్లినట. చేతికి ప్లాస్టిక్ బొమ్మనిచ్చారు. రమణి నర్సట. రమణి ఆ కొండల పిల్లే, సోని వాళ్ల ఊళ్లు చూసే ఏఎన్ఎమ్. ఇలాంటి కాన్పు నేనెన్నడూ చూడలేదు. బిడ్డ ఏడవదు, తల్లికి నొప్పిలేదు, అన్నిటికీ మించి అత్తగారు లేదు.

రమణి బొమ్మ తల వెనక చెయ్యేసి నా వైపు నెట్టింది.

"ఆపండి!" అన్నారాయన. "మీరందరూ ఇదే చేస్తున్నారు. తల వెనక నెడితే ఏ బిడ్డయినా ఎదురు తిరుగుతుంది. మెడా భుజాలూ ఆనించి పట్టాలి. బిడ్డ పొట్ట తల్లి పొట్టకి తగలాలి. నోరు పూర్తిగా తెరిచేదాకా ఆగాలి."

నాకు ఒళ్లు మండింది. ఆయన తప్పు చెప్పాడని కాదు, ఒప్పు చెప్పాడని. ఆ ఒప్పు బొమ్మకెందుకు?

అప్పుడే కిటికీలో పైడితల్లి మొహం కనిపించింది. "సిస్టరమ్మా! ముసిల్ది మూట కట్టేత్తంది! ఆ పసిగుంట ఏడిసి ఏడిసి సొమ్మసిల్లిపోయింది. బేగి రా!"

నేను బొమ్మని బల్లమీద పడేసి లేచాను.

"కూర్చోండి సిస్టర్. ఇంకాసేపట్లో పోస్ట్ టెస్ట్. బయటికెళ్తే సర్టిఫికెట్ రాదు."

"సార్, పాలివ్వలేని తల్లి పక్కగదిలో ఉంది. ఆవిణ్ని వదిలేసి, పాలివ్వలేని తల్లికి ఏం చెయ్యాలో నేనిక్కడ రాయాలా?"

"నేర్చుకున్నాకే కదా చేస్తారు?"

"అయితే మీరే వచ్చి చెయ్యండి! నిజం తల్లి, నిజం బిడ్డ, నిజం ఏడుపు. కరెంటు కూడా అక్కర్లేదు."

ఆయన తడబడ్డారు. కానీ సవాలు తగిలింది. కళ్లజోడు సర్దుకుని, "పదండి. చూపిస్తాను," అన్నారు.

"సార్ లోపలికెళ్లకూడదక్కా," అంది రమణి మెల్లగా. "బిడ్డ బొడ్డు ఊడాల. ఊరి పూజారి దిసారి వచ్చి నీళ్లు సల్లాల. అప్పటిదాకా మగోళ్లు తల్లీబిడ్డల్ని సూడకూడదు. మొగుడైనా సరే. సూస్తే కనకమ్మ ఆ సణమే లేసి ఎళ్లిపోద్ది."

"నేను మగవాణ్ని కాదమ్మా, ట్రైనర్ని!" అన్నారు గణపతిరావుగారు కోపంగా.

తర్వాత ఏమైందో రాస్తే ఆయన పరువు పోతుంది.

చివరికి ఆయన్ని వార్డు కిటికీ బయట, గోడకి వీపానించి నిలబెట్టాను. ఒకపక్క డబ్బాతో భీముడు, ఒకపక్క చదువుతో గణపతిరావు. లోపలికి రాకూడని మగాళ్లిద్దరూ జంటగా కుదిరారు.

లోపల కనక మంచం చుట్టూ చీర కట్టి ఉంచింది. దాంట్లో దూరాను. సోని కళ్లు వాచి ఉన్నాయి. బిడ్డ పెదాలు ఎండి ఉన్నాయి.

"సార్! గట్టిగా రాయిలా ఉన్నాయి!"

"వేడి గుడ్డ పెట్టి, ముందు కొంచెం పిండండి. మొనచుట్టూ మెత్తబడాలి. లేకపోతే బిడ్డ నోటికి అందదు."

"ఎవుడా గోడెనకాల?" కనక చెవి నిక్కించింది. "మగోడి గొంతు!"

"రేడియో అనుకో అమ్మా."

కనక ఆలోచించింది. "రేడియోకి కళ్లుండవు గదా. అయితే వాగనీ."

పైడితల్లి వేడి నీళ్లు తెచ్చింది. గుడ్డ కాచి పెట్టాం. పిండుతుంటే సోని పళ్లు బిగించింది. కాస్త మెత్తబడింది. బిడ్డని ఎత్తి పెట్టాను. నోరు పెట్టింది. నా చెయ్యి, ఇన్నేళ్ల నా పాత చెయ్యి, దానంతటదే వెళ్లి బిడ్డ తల వెనక నెట్టింది. బిడ్డ విల్లులా వెనక్కి వంగి గావుకేక పెట్టింది.

"తల నెట్టారు కదూ?" అంది రేడియో.

"మీకెలా తెలిసింది సార్?"

"ఆ ఏడుపు అదే."

నాకు చెంప పగిలినట్టయింది. అంతకుమించి కోపం వచ్చింది. ఏడుపు విని చేతి తప్పు పట్టగల మనిషిని తెచ్చి, మూడు రోజులు ప్లాస్టిక్ బొమ్మ ముందు నిలబెట్టారే! మాకు పాలుపోక చస్తుంటే, ఈయన తెలివి తెరమీద పోయించారే!

బయట జీపు హారన్ మోగింది. కనక మూట చంకనెట్టుకుంది. "అయిపోనాది. దీని రొమ్ములో దోసం ఉంది. లే గుంటా."

"ఒక్క నిమిషం అమ్మా!"

"నిన్నటి నుంచీ నీది ఒక్క నిమిసమే."

రెండో ప్రయత్నం కూడా పోయింది. ఈసారి నేను తల ముట్టుకోలేదు, కానీ నోరు తెరవకముందే తొందరపడ్డాను. బిడ్డ చిగుళ్లతో మొన నొక్కేసరికి సోని అబ్బా అంది.

"నోరెంత తెరిచింది?" బయటినుంచి ప్రశ్న.

"మీరు టెస్టన్నప్పుడు మేం తెరిచినంత!"

"చాలదు. ఆవలింతంత తెరవాలి. పై పెదవికి మొన తాకించి ఆగండి. సిస్టర్, అసలు బిడ్డని ఎవరు పట్టుకున్నారు?"

"నేను."

"తల్లి ఏం చేస్తోంది?"

నేను సోని వైపు చూశాను. సోని రెండు చేతులూ పక్కన పడేసి ఉంది. వచ్చినప్పటి నుంచీ దాని రొమ్ము మేమే పట్టుకున్నాం, దాని బిడ్డనీ మేమే పట్టుకున్నాం. అత్తదో చెయ్యి, ఆయాదో చెయ్యి, నాదో చెయ్యి. అది మాత్రం ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు పడుకుంది.

"నువ్వే పట్టు తల్లీ," అన్నాను. దాని వీపు వెనక తలగడ సర్ది నేను చేతులు కట్టుకున్నాను. నోరూ కట్టుకున్నాను. రెండోదే కష్టం.

సోని బిడ్డ మెడ కింద అరచెయ్యి పెట్టింది. పొట్టకి పొట్ట ఆనించింది. పెదవికి తాకించింది. బిడ్డ చప్పరించింది. సోని కదల్లేదు. మళ్లీ తాకించింది. బిడ్డ కళ్లు మూసుకునే నోరు తెరిచింది, ఇంకా తెరిచింది. సోని ఒక్కసారిగా దగ్గరికి తీసుకుంది.

ఏడుపు ఆగిపోయింది.

"ఏమైంది?" బయట గొంతు. "సిస్టర్? ఏమైంది?"

"రేడియో కట్టెయ్యండి సార్."

చాలా చిన్న గొంతుతో అడిగారాయన. "గుటక వినపడుతోందా?"

చెవి ఒగ్గి విన్నాను. "వినపడుతోంది సార్."

టెస్టు పెట్టడానికి ఆయన హాలు వైపు వెళ్తున్న అడుగుల చప్పుడు వినపడింది. కనక వంగి బిడ్డ దవడ వంక చూసింది. మూట మాత్రం దించలేదు.

బిడ్డ విడిచిపెట్టేదాకా జీపుని ఆపడానికి పైడితల్లి వెళ్లి డ్రైవర్‌తో పోట్లాడింది. నేను కనక చేతులు పట్టుకున్నాను. "రేపొక్కరోజు ఉంచమ్మా. ఇప్పుడిప్పుడే అలవాటవతంది."

"బొడ్డూడేలోగా ఇల్లు సేరాల. దిసారికి మాటిచ్చినాం."

"పోనీ ఆ డబ్బా ఇచ్చేసి పో. తాగింది గదా, ఇంకా అదెందుకు?"

"ఇప్పుడు తాగింది. రాత్రికి మల్లీ పట్టకపోతే? నువ్వొత్తావా కొండకి?"

వార్డు వదిలి నేను వెళ్లలేను. వెళ్లవలసిన మనిషి, ఆ ఊరు చూసే మనిషి, గోడకవతల టెస్టు రాస్తోంది.

పరిగెత్తాను. పరిగెత్తడం నా శరీరానికి నప్పని క్రియ. హాల్లో గణపతిరావుగారు అప్పటికే తిరిగొచ్చి నిలబడి ఉన్నారు. రమణి తల వంచుకుని రాస్తోంది.

"ఎక్కడున్నావే?"

"'ఇంటికెళ్లిన మొదటి వారం తల్లికి ఎవరి సాయం అవసరం' దగ్గరున్నానక్కా."

"ఆ జవాబు జీపులో రాద్దువుగాని. లే! సోని ఎళ్లిపోతంది, డబ్బా కూడా ఎళ్లిపోతంది."

రమణి కలం ఆగింది. దానిది కాంట్రాక్టు ఉద్యోగం. సర్టిఫికెట్ లేకపోతే వచ్చే ఏడు పేరు ఉంటుందో ఉండదో. అది గణపతిరావుగారి వంక చూసింది. నేనూ చూశాను.

"టెస్టు పూర్తిచెయ్యకపోతే ఇవ్వడానికి లేదు," అన్నారాయన. గొంతులో ఇందాకటి రేడియో లేదు. "రూలు నేను పెట్టలేదు సిస్టర్."

"మీరు పెట్టలేదు సార్, మీకెవరో పెట్టారు. వాళ్లకింకెవరో. పెట్టినవాళ్లెప్పుడూ కనపడరు, తిన్నవాళ్లమే కనపడతాం."

ఆయన నేలచూపులు చూశారు. రమణి సంచీ భుజాన వేసుకుంది. నన్ను దాటుకుంటూ, "తిట్టకక్కా, వస్తన్నాను గదా," అని నవ్వడానికి ప్రయత్నించింది. నవ్వు సగమే వచ్చింది.

జీపు నిండిపోయింది. పైన మనుషులు, వెనక మనుషులు, కోళ్లు, ఉప్పు బస్తాలు. చీర కప్పుకుని సోని మధ్య సీట్లో ఉంది. భీముడు డబ్బా కనక ఒళ్లో పెట్టి, పైకెక్కి అటు తిరిగి కూర్చున్నాడు. డ్రైవర్ మగాడే కదా అని నేను నోరు జారితే, "ఆడు రోడ్డు సూత్తాడు. దీన్ని సూస్తే అందరం లోయలోకే," అంది కనక.

రమణి మెట్టుమీద కాలు పెట్టింది. చోటు లేదు. కనక దాన్ని ఎగాదిగా చూసింది.

"ఎన్నాళ్లుంటావు?"

"మీ దిసారి వచ్చేదాకా."

"మా ఇంట్లో రాగి అంబలే. తింటావా?"

"నేను మాత్రం ఏటి తిని పెరిగినాను?"

కనక ఒళ్లోని డబ్బా తీసి సీటు కిందికి తోసి జరిగింది. అరమనిషి పట్టే చోటయింది. రమణి ఆ అరలో దూరింది.

జీపు కదిలింది. మొదటి గతుకు దగ్గరే బిడ్డ లేచి ఏడుపు మొదలెట్టింది. ఘాటు రోడ్డు ఎక్కుతుంటే ఆ ఏడుపు ఇంజను మోతని మించి వినిపిస్తూనే ఉంది. ఆకులవెనక జీపు కనపడి మాయమైంది, మళ్లీ కనపడింది. నేను రోడ్డుమీదే నిలబడ్డాను.

ఉన్నట్టుండి ఏడుపు ఆగింది. బిడ్డ పట్టుకుందో, జీపు కొండ మలుపు తిరిగిందో తెలియలేదు.

హాలు దగ్గర్నుంచి గణపతిరావుగారు గ్రూపు ఫోటోకి రమ్మని పిలుస్తున్నారు. ఉండండి సార్, అన్నట్టు చెయ్యి చూపించి, నేనింకా చెవి అటే పెట్టి నించున్నాను.