తలుపవతల కొత్తవాళ్లు

నీహారిక హైదరాబాద్ నుంచి జెర్సీ సిటీకి తిరిగొచ్చేసరికి ఆమె పిల్లి మారిపోయింది. 2010లో, వీసా స్టాంపింగ్ కోసం రెండు వారాలకని వెళ్లిన మనిషి, కాగితాలు ఆలస్యమై రెండు నెలలు అక్కడే చిక్కుకుపోయింది. అన్నాళ్లూ ఆమె అపార్ట్‌మెంట్‌లో ఉండి పిల్లిని చూసుకున్నది ఉదయ్. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే టీమ్. కొత్త ఇల్లు దొరికేదాకా అతనికి తలదాచుకునే చోటు కావాలి, ఆమెకేమో పిల్లికి తిండి పెట్టే మనిషి కావాలి. ఇద్దరికీ కలిసొచ్చిందనుకున్నారు.

పిల్లి పేరు బూందీ. అంతకుముందు ఎవరొచ్చినా ఎదురెళ్లేది. పిజ్జా తెచ్చినవాడి బూట్లకు కూడా ఒళ్లు రుద్దేది. ఇప్పుడు డోర్‌బెల్ మోగితే చాలు, చెక్క నేల మీద కాళ్లు జారిపోతున్నా పరుగెత్తి మంచం కిందికి, గోడ మూలకు దూరిపోతోంది. వచ్చినవాళ్లు వెళ్లిపోయిన చాలాసేపటికి గానీ బయటికి రాదు. కుళాయి బాగుచేయడానికి మెయింటెనెన్స్ అతను వచ్చిన రోజు ఆ మూలలోనే తడిపేసుకుంది.

వదిలి వెళ్లినందుకు తన మీద అలిగిందేమోనని మొదట్లో నీహారిక బాధపడింది. కానీ తన ఒళ్లో మాత్రం మునుపటిలాగే ముడుచుకుని పడుకుంటోంది. భయమంతా కొత్తవాళ్లంటేనే. చివరికి బుట్టలో పెట్టుకుని జంతువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆ డాక్టర్ నెమ్మదిగా మాట్లాడే పెద్దావిడ. పిల్లి ఎంత వేటాడినా చిన్న ప్రాణి, తననెవరైనా పట్టుకుంటారేమోనన్న జాగ్రత్త దానికి పుట్టుకతోనే ఉంటుందని చెప్పింది. కొత్త మనిషి అంటే తెలియని వాసన, తెలియని నడక, తెలియని గొంతు. కళ్లు తెరిచిన తొలి వారాల్లో నలుగురి చేతుల్లో పెరిగిన పిల్లికి ఆ భయం తగ్గుతుంది, మనుషుల మొహం చూడకుండా పెరిగినదానికి మిగిలిపోతుంది. ఇంతా చెప్పి ఆమె కళ్లజోడు తీసింది. మీది మనుషుల్లో పెరిగిన పిల్లి కదా, ఇలా ఉన్నట్టుండి మారిందంటే ఎవరో మార్చి ఉండాలి, తలుపు దగ్గర దీనికేమైనా జరిగిందా అని అడిగింది.

మర్నాడు లంచ్ టైమ్‌లో నీహారిక ఉదయ్‌ని అదే అడిగింది. దాచిపెడతాడనుకుంది. అతను దాచలేదు, నవ్వాడు.

"ఓ, వ్యాక్యూమ్ గేమా! వీకెండ్స్‌లో ఫ్రెండ్స్ వచ్చేవాళ్లు కదా. బెల్ కొట్టగానే అది తోకెత్తుకుని డోర్ దగ్గరికి పోయేది. మేం వెనకనుంచి వ్యాక్యూమ్ క్లీనర్ ఆన్ చేసేవాళ్లం. జస్ట్ ఫన్. వీడియో కూడా ఉంది, చూడు."

ఫోన్ ఆమె ముందు పెట్టాడు. బెల్ మోగింది. బూందీ తలుపు దగ్గరికి వెళ్లింది. తలుపు తెరుచుకోవడం, వెనక మెషీన్ హోరెత్తడం ఒకేసారి జరిగాయి. పిల్లి గాల్లోకి ఎగిరి గోడకు కొట్టుకుని పడింది. వచ్చినవాళ్లు పగలబడి నవ్వారు. మళ్లీ బెల్ కొట్టమని ఎవరో బయటివాళ్లకు కేక వేశారు. ఇంకో వీడియోలో బాత్‌రూమ్ తలుపు ముందే మూసేశారు, పారిపోవడానికి దారి లేకుండా.

"పిల్లే కదా, మర్చిపోతుందిలే," అన్నాడు ఉదయ్.

నీహారిక ఫోన్‌ని అతని వైపు తోసేసింది. అరిస్తే అతను సారీ చెబుతాడు, ఆ సారీతో అంతా సర్దుకుపోయిందనుకుంటాడు. అతనికి అంత తేలిగ్గా వదిలిపోవడం ఆమెకు ఇష్టం లేదు. ఆ మధ్యాహ్నమంతా కంప్యూటర్ ముందు పళ్లు బిగించి కూర్చుంది. సాయంత్రం ఇంటికెళ్లి బూందీని ఒళ్లో పెట్టుకుని, పాత సామాన్లు అమ్ముకునే వెబ్‌సైట్ ఒకటి తెరిచింది.

ఉదయ్ కొత్త ఇల్లు జర్నల్ స్క్వేర్ వైపు ఓ పాత బిల్డింగ్‌లో, గ్రౌండ్ ఫ్లోర్. వీధిలోంచి నేరుగా బెల్ కొట్టొచ్చు. ఆమె ఆ అడ్రస్ ఇచ్చి, లెదర్ సోఫా, పెద్ద టీవీ ఫ్రీగా ఇచ్చేస్తున్నామని రాసింది. ఊరు వదిలి వెళ్తున్నాం, ఫోన్ చేయక్కర్లేదు, ఏ టైమ్‌కైనా వచ్చి బెల్ కొట్టండి అని కింద చేర్చింది. వెబ్‌సైట్ వాళ్లు ఆ యాడ్ తీసేస్తే ఇంకో పేరుతో ఇంకోటి పెట్టింది. ఈసారి ఫ్రిజ్, మంచం.

వారం తిరిగేసరికి ఉదయ్ కళ్ల కింద నల్లటి చారలొచ్చాయి. ఎవడో తన మీద పగబట్టాడని, తెల్లారకముందే ట్రక్కులేసుకుని మనుషులు వస్తున్నారని, ఇచ్చేదేమీ లేదని చెబితే తిట్టి పోతున్నారని టీమ్ అందరికీ చెప్పుకున్నాడు. మీటింగ్‌లో ఎవరి ఫోనో మోగితే ఉలిక్కిపడ్డాడు. నీహారిక అది చూసింది. కడుపు చల్లబడినట్టయింది. ఇంటికి వెళ్తూ ట్రైన్‌లో తనలో తనే నవ్వుకుంది. ఆ రాత్రి యాడ్‌లో వాషింగ్ మెషీన్ కూడా చేర్చింది.

తర్వాతి వారం ఉదయ్ లీవ్ అడగడానికి మేనేజర్ గదికి వెళ్లొచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"అమ్మ వచ్చి పది రోజులైంది, ఖమ్మం నుంచి. అమ్మ వంటతో మీ అందరికీ సర్‌ప్రైజ్‌గా లంచ్ ఇద్దామని ఎవరికీ చెప్పలేదు. ఆమె పొద్దంతా బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని కూర్చుంటోంది. నేను ఫోన్ చేసినా ఎత్తట్లేదు."

నీహారిక బ్యాగ్ అందుకుంది. తలనొప్పి అని చెప్పి ఆఫీసులోంచి బయటపడింది. స్టేషన్‌లో నిలబడే ఫోన్‌లోంచి యాడ్ తీసేసి, నేరుగా ఆ ఇంటికి వెళ్లింది. బెల్ మీదికి పోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కిటికీ దగ్గర నిలబడి తెలుగులో పిలిచింది. ఉదయ్‌తో పనిచేసే అమ్మాయినని, ఒక్కదాన్నే వచ్చానని చెప్పింది. చాలాసేపటికి లోపల ఏదో బరువైనది ఈడుస్తున్న చప్పుడైంది. సోఫా. తలుపుకు అడ్డంగా పెట్టుకుందావిడ.

ఆమె పేరు కృష్ణకుమారి. అరవై దాటిన సన్నటి మనిషి. కుర్చీలో కూర్చోలేదు, స్టవ్ పక్కన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. ఇంగ్లీష్ రాదు. వచ్చినవాళ్లు ఏమడుగుతున్నారో తెలియదు. ఒకడు తలుపు సందులో కాలు పెట్టి, సోఫా వైపు వేలు చూపించి అరిచాడట. ఇంకొకడు వెనక కిటికీలోంచి తొంగి చూశాడట. కొడుకు కంగారుపడతాడని ఇవేవీ అతనికి చెప్పలేదు. చెబుతున్నంతసేపూ ఆమె చూపు తలుపు మీదే ఉంది.

నీహారిక ఆమె ముందే నేల మీద కూర్చుని మొత్తం చెప్పేసింది. పిల్లి సంగతి, వీడియోలు, యాడ్‌లు. మీరొచ్చినట్టు నాకు తెలియదు ఆంటీ అంది. ఆ మాట ఎంత పేలవంగా ఉందో అంటూనే తనకు తెలిసిపోయింది.

కృష్ణకుమారి కొంగుతో మొహం తుడుచుకుంది.

"వాడు చేసిందానికి వాణ్ణి నిలదీయాలె. నలుగురిలో చెంప మీద కొట్టినా నేను అడ్డం వచ్చేదాన్ని కాదు. కానీ నువ్వు ఆడపిల్లవు బిడ్డా. తలుపవతల ఎవడున్నడో తెల్వకపోతే ఎట్ల ఉంటదో నీకు తెల్వదా?"

నీహారిక లేచి వెళ్లిపోదామనుకుంది, కానీ ఉదయ్ వచ్చేదాకా అక్కడే ఉంది.

అతను వచ్చి విషయం విని రంకెలు వేశాడు. పోలీసులకు చెబుతానన్నాడు, ఉద్యోగం ఊడగొట్టిస్తానన్నాడు. చెప్పమంది నీహారిక. వాళ్లు అడిగితే నీ వీడియోలు కూడా నువ్వే చూపించాలి అంది. ఉదయ్ ఫోన్ జేబులోకి తోసేశాడు. అప్పుడు తల్లి చెయ్యి చాపి ఫోన్ ఇమ్మంది. ఇవ్వనన్నాడు. ఆమె చెయ్యి దించలేదు.

వీడియో చివరిదాకా చూసింది. అందులో నవ్వుతున్న గొంతుల్లో కొడుకు గొంతు ఆమె గుర్తుపట్టింది. ఫోన్ తిరిగిచ్చి, తనకు టికెట్ ముందుకు జరపమని మాత్రం అడిగింది. ఎంత బతిమాలినా వినలేదు. మరుసటి ఆదివారం ఖమ్మం వెళ్లిపోయింది.

ఉదయ్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. వేరే టీమ్‌కు మారిపోయాడు. ప్లాట్‌ఫామ్ మీద ఎదురైతే మొహం తిప్పుకుని అవతలి చివరకు నడుస్తాడు. అలా నడుస్తున్న అతని వీపు చూసినప్పుడల్లా నీహారికకు ఇంకా కసిగానే ఉంటుంది. తల్లి వెళ్లిపోవడం అతనికి ఎక్కడ తగిలిందో ఆమెకు తెలుసు. అందుకు జాలిపడాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆమె వల్ల కాలేదు.

ఆ రోజు ఉదయ్ కోసం ఎదురుచూస్తూ ఆంటీ దగ్గర రాసుకున్న నంబరుకు, దసరాకు ఖమ్మం ఫోన్ చేసింది. కృష్ణకుమారే ఎత్తింది. నీహారిక పేరు చెప్పి, ఎలా ఉన్నారు ఆంటీ అని అడిగింది. అవతల ఇంట్లో ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"మంచిగనే ఉన్న," అందావిడ. ఇంకేమీ అడగకుండా ఫోన్ పెట్టేసింది.