తుమ్ముల మాత్ర

దూదిని రెండు చేతులా విప్పి గుడ్డసంచిలోకి కూరుతున్నాడు పరుపుల తాత. ముందు మూలలు, చివర నడుము. నడుము దగ్గర దూది తగ్గితే పడుకున్నవాళ్ళ తిట్లన్నీ తనకే తగులుతాయంటాడు. అతని కనుబొమల మీద, చెవుల మీద ఎప్పుడూ తెల్లటి పీచే. అందుకే జుట్టు ఎప్పుడు నెరిసిందో ఎవరూ గమనించలేదు.

ఆ పీచుకే తుమ్ములు. ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే, వాసన తెలియకపోతే దూది మంచిచెడ్డలు ఎలా తెలుస్తాయనేవాడు. గుడ్డకు బదులు రోజూ రాత్రి ఒక చిన్న పసుపు మాత్ర వేసుకునేవాడు. తుమ్ములూ ఆగేవి, నిద్రా పట్టేది. వయసులో ఉండగా మొదలుపెట్టిన ఆ మాత్ర, అన్నం తిన్నాక మంచినీళ్ళు తాగినంత మామూలైపోయింది.

మొన్న పక్కవీధి బాలింత కోసం కుట్టిన చిన్న పరుపులో సూది ఉండిపోయింది. పంపేముందు కూతురు ఒత్తి చూడబట్టి సరిపోయింది. ఆమే తండ్రిని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మతిమరుపుకు ఆ మాత్ర ఒక్కటే కారణమని చెప్పలేనందట డాక్టరమ్మ. కానీ ఈ వయసులో రోజూ వేసుకుంటే జ్ఞాపకం మసకబారవచ్చు, మానేసి చూద్దామంది. రోజూ నడవమంది, వేళకు పడుకోమంది. మార్చి ఇచ్చిన మాత్ర మంచిదే గాని, దూది ముందు నిలబడలేదు. పొద్దుటినుంచి తాత తుమ్ముతూనే ఉన్నాడు.

"నాన్నా, ఆ పాత మాత్రయినా మానాలి, దూదయినా మానాలి. రెండూ కుదరవు," అంది కూతురు.

"దూది మానేసి ఏం చెయ్యమంటావే?"

"తిను, నడు, నిద్రపో."

"అంత పని ఈ వయసులో నావల్ల కాదు."

ఆమె నవ్వలేదు.

మధ్యాహ్నం పరుపును నిలబెట్టి ఇద్దరూ చెరో వైపు కూర్చుని టాకాలు వేశారు. ఇటునుంచి అతను సూది గుచ్చితే అటునుంచి ఆమె లాగి, మళ్ళీ గుచ్చుతుంది. ఒకప్పుడు అటువైపు భార్య ఉండేది. పరుపు అడ్డంగా ఉండేది కాబట్టి ముఖాలు కనిపించేవి కావు, గొంతులే. కోపం వచ్చిన రోజు సూది కాస్త విసురుగా వచ్చేది. అలకలు, రాజీలు, ఇంటి సంగతులు, అన్నీ పరుపుకు అటూ ఇటూనే నడిచాయి.

తాత చేయి ఆగింది.

"అమ్మాయీ, నువ్వు కడుపులో పడ్డావని మీ అమ్మ నాకు ఏమని చెప్పింది?"



"నువ్వే వందసార్లు చెప్పావు కదా నాన్నా. 'ఇంకో చిన్న పరుపు కుట్టాలి' అందట."

అవును, ఆ మాటే. మాట తిరిగి వచ్చింది గాని, అది పలికిన గొంతు రాలేదు. కళ్ళు మూసుకుని ఎదురుచూశాడు. తుమ్ము వచ్చింది.

భార్య జీవితమంతా కూర్చున్న గది ఇది. ఆమె గుర్తుండాలంటే ఇప్పుడు ఈ గదినే వదలాలి.

చేతిలోని టాకా పూర్తిచేసి, ముడి బిగించి, దారం తెంపాడు. రేపటినుంచి ఇటువైపు ఇంకెవరినైనా కూర్చోబెట్టుకోమన్నాడు. కూతురు లేచి వచ్చేసరికి చొక్కా విప్పుతున్నాడు. పీచు ఇంటిదాకా రాకూడదని ఉతికిన చొక్కా తొడుక్కుని, వీధిలోకి నడిచాడు.

పాత చొక్కా గోడమేకుకు ఉండిపోయింది. దాని చేతులు మోచేతుల దగ్గర ఇంకా వంగే ఉన్నాయి, అటువైపు నుంచి వచ్చేదేదో అందుకోబోతున్నట్టు.