ఈశాన్యానికి తిరిగిన గోదావరి

నేను ఒక పటాన్ని. పటం అనగానే మేకుకు వేలాడే గుడ్డపటం అనుకునేరు, అంత నాజూకుదాన్ని కాను. ఇటుక ముక్కలూ కంకరా సిమెంటూ కలిపి నేల మీద పోసిన మొద్దు పటాన్ని. విజయనగరం జిల్లాలో ఒక హైస్కూలు ఆవరణలో, ఈశాన్యం మూల, వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ బతుకుతున్నాను. నా ఒంటి మీద రెండు తెలుగు రాష్ట్రాలున్నాయి. పడమట నదులు పుట్టే కొండలున్నాయి. తూర్పున నీలం రంగు పూసిన గుంట ఉంది, అదే సముద్రం.

ఇంత సంపద మోస్తున్నాను గానీ చదువు మాత్రం అబ్బలేదు నాయనా. ఊళ్ళ పేర్లన్నీ నా మీదే రాశారు. నా వీపు కాదు, పొట్టే, అయినా చదవలేను. మీ నుదుటి మీద రాసింది మీరు చదివారా ఏమిటి? నాకు తెలిసిందంతా ఎనిమిదో తరగతి కిటికీలోంచి చెవిన పడ్డదే. ఆ కిటికీకి ఒక రెక్క ఊడిపోవడం నా అదృష్టం. అయితే గాలి ఎదురు తిరిగిన రోజున పాఠం సగమే వినిపించేది. అందుకే రాజులు యుద్ధాలకు బయలుదేరడం వరకు నాకు బాగా తెలుసు. గెలిచారో లేదో మాత్రం ఒక్కరి సంగతీ తెలియదు.

నన్ను కట్టించింది సోషలు చెప్పే విజయగౌరి టీచరు. ఆవిడ ఒకనాడు గోడపటం ముందు నిలబడి, "గోదావరి ఎటు పారుతుందర్రా?" అని అడిగిందట. క్లాసంతా ఒక్క గొంతుతో "కుడిపక్కకి టీచర్!" అంది. ఉత్తరం ఎటంటే పిల్లలు చూరు వైపు చూపించారు. దక్షిణం ఎటంటే కాళ్ళ కింద వెతికారు. ఆ పూట ఆవిడకు అన్నం సయించలేదు. నేల మీద పడుకునే పటం కావాలి, నీళ్ళు పోస్తే నదులు నిజంగా పారాలి అని పట్టుబట్టింది.

హెడ్మాస్టరు దివాకర పట్నాయక్ గారికి ఆ మూల సైకిలు స్టాండు వేయించాలని ఎప్పటినుంచో ఉంది. ఆడపిల్లల సైకిళ్ళు ఎండలో పడి ఉండి, పాఠం మధ్యలో టైర్లు ఢామ్మని పేలుతుంటే ఆయన గుండె జారేది. అయినా టీచరు మాట కొట్టేయలేకపోయారు.

"కట్టించుకోండమ్మా. త్వరలో జిల్లా నుంచి అధికారి వస్తున్నారు. ఆయన ముందు మీ నదులు సముద్రంలో కలిశాయా, పటం ఉంటుంది. కలవలేదా, పగలగొట్టించి సైకిలు స్టాండు వేయించేస్తాను."

చూశారా, ఇంకా పుట్టకముందే నాకు చావు ముహూర్తం పెట్టేశారు.

నన్ను పోసినవాడు తౌడు మేస్త్రి. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, ఇతన్నైనా దక్కించుకోవాలని వాళ్ళమ్మ పొరుగింటావిడకు ఇచ్చేసి చేటెడు తౌడుకు మళ్ళీ కొనుక్కుందట. పేరు తౌడే గానీ చెయ్యి బంగారం. నా కొండల్ని ఎంత ముద్దుగా చేశాడని! శ్రీశైలం మీద చిన్న గోపురం పెట్టాడు. తిరుపతిలో ఏడు బుడిపెలు లెక్క తప్పకుండా దిద్దాడు. టీచరు చూడనప్పుడు వాళ్ళ ఊరి గుట్టను కూడా పెట్టాడు. అది పడమటి కనుమల కంటే ఒక వేలు ఎత్తే ఉంటుంది. పని అయ్యాక నా ఒళ్ళంతా గుండ్రాయితో నున్నగా రుద్దాడు. అప్పుడు నాకెంత గీర వచ్చిందో చెప్పలేను. దేశంలో నా అంత పటం ఇంకోటి లేదనుకున్నాను. దేశంలో ఇంకో పటాన్ని నేను చూసి ఏడిస్తే కదా!

తడి ఆరాక మొదటిసారి నీళ్ళు పోసే రోజు వచ్చింది. చెంబు పట్టుకుంది ఝాన్సీ. ఆ పిల్ల అమ్మానాన్నలు అపార్టుమెంట్లు కట్టే పనికి విజయవాడ వెళ్ళారు. తను ఇక్కడ నాయనమ్మ దగ్గర ఉండి ఎనిమిదో తరగతి చదువుతోంది. చదువు ఒక మోస్తరు, నోరు మాత్రం ఫస్టు క్లాసు.

నాసిక్ దగ్గర చెంబు వంచింది. గోదావరి బుద్ధిగా బయలుదేరింది. భద్రాచలం దాకా బాగానే వచ్చింది. అక్కడ కుడివైపు ఒరిగి రాజమండ్రి పోవాలా? పోలేదు. ఎడమకు తిరిగింది. ఇంకో చెంబు పోస్తే కృష్ణ శ్రీశైలం వరకు వచ్చి, ఏదో మరిచిపోయినదానిలా ఉత్తరానికి మళ్ళి, ఖమ్మం మీదుగా వెళ్ళి గోదావరిలో కలిసింది. పెన్న సంగతి చెప్పడానికే సిగ్గు. నెల్లూరు మొహం చూడకుండా తీరం వెంబడి పైకి పరిగెత్తింది. మూడూ చేతులు పట్టుకుని శ్రీకాకుళం దాటి, ఇచ్ఛాపురం దగ్గర నా అంచు దూకి, భోజనాలు వండే ఎర్రెమ్మ పెంచుకున్న గోంగూర మడిలో పడ్డాయి. కోనసీమలో చుక్క తడి లేదు.

పిల్లలు కేరింతలు కొట్టారు. నేనేదో ఘనకార్యం చేశాననుకుని పొంగిపోయాను, మొద్దుదాన్ని.

"ఓలమ్మ! గోదారి నా మడికొచ్చీసినాది!" అంటూ ఎర్రెమ్మ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. "ఇన్నాళ్ళకి మన పక్క సూసినాడే దేముడు!"

పట్నాయక్ గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఏమండీ టీచరుగారూ, గోదావరి ఇచ్ఛాపురంలో కలుస్తుందని ఏ పుస్తకంలో ఉందండీ?"

టీచరు మొహం మాడిపోయింది. తౌడుకు కబురెళ్ళింది. అతను వచ్చి, నీళ్ళు పోయించి చూసి, తృప్తిగా తలాడించాడు.

"శుబ్బరంగా పారతన్నాయి కదమ్మా. ఇంకేటి?"

"తూర్పుకు పారాలి తౌడూ! నువ్వు మొత్తం ఈశాన్యానికి వాలు ఇచ్చావు."

"ఈశాన్నం పల్లం నేకుండా నా సేత్తో ఇంతవరకు ఒక్క గచ్చూ ఎయ్యనేదు టీచరమ్మా. ఇల్లయినా అంతే, కళ్ళమైనా అంతే. నీళ్ళు ఈశాన్నానికెల్లాల. గోదారైతే మాత్రం దానికి ఏరే వాస్తుంటాదేటి?"

"ఆ మూల కొంచెం ఎత్తు చెయ్యి, చాలు."

తౌడు రెండు చెవులూ మూసుకున్నాడు. "ఈశాన్నం ఎత్తు సెయ్యమంతారా? పిల్లలు సదువుకునే సోటమ్మా ఇది! ఆ పాపం నాకొద్దు."

"అయితే పగలగొట్టి స్టాండు వేసేయ్" అన్నారు పట్నాయక్ గారు.

"ఈశాన్నం మీద అన్ని సైకిళ్ళ బరువెడతారా బాబూ? నాను తాపీ ముట్టుకోను. మీకు తెలీందేటుంది, మీ ఇంటికాడ నుయ్యి ఎక్కడ తవ్వించినారు?"

పట్నాయక్ గారు దగ్గారు. వాళ్ళ నుయ్యి ఈశాన్యంలోనే ఉంది. "సరే, రేపు అధికారి వచ్చి వెళ్ళనీ. పగలగొట్టేవాళ్ళు మరొకరు దొరక్కపోరు" అని లోపలికి వెళ్ళిపోయారు. నేను అక్కడే ఉన్నాను. ఎక్కడికి పోగలను? కొండలు మోస్తానని గర్వపడ్డదాన్ని, ఆ మధ్యాహ్నం కాకి వాలితే ఉలిక్కిపడ్డాను.

విజయగౌరి టీచరు చాలాసేపు నన్నే చూస్తూ నిలబడింది. తర్వాత ఎనిమిదో తరగతి మొత్తాన్ని తెచ్చి నా చుట్టూ కూర్చోబెట్టింది.

"సరే. నదులు ఇలాగే పారాయనుకుందాం. ఏమవుతుంది?"

చేతులన్నీ ఒక్కసారి లేచాయి. మనకు మూడు పంటలంటే మూడు పంటలన్నారు. చెరుకు, అరటి, రైసుమిల్లులు అన్నారు. ఒకడు ఏసీ సినిమా హాలు కూడా కట్టించేశాడు. నా శ్రీకాకుళం మీద చోటు చాలక సముద్రంలోకి జరపాల్సి వచ్చింది.

"మరి కోనసీమ?"

"ఎండిపోద్ది టీచర్. కొబ్బరిచెట్లు మోడైపోతాయి."

"అక్కడి మనుషులు?"

ఝాన్సీ లేచింది. "ఇటొచ్చీస్తారు టీచర్. ఇటికలు మొయ్యడానికి. బెజవాడా ఎండిపోద్ది, మా అమ్మోళ్ళు అక్కడ పన్లేక ఇంటికొచ్చీస్తారు."

చెప్పి సంతోషంగా కూర్చుంది. అంతలో మళ్ళీ లేచింది. "మరి ఆళ్ళ పిల్లలో? ఆళ్ళు నాయినమ్మకాడ ఉండిపోతారేటి?" కాసేపు ఆలోచించి, "అదీ బాగోదు టీచర్" అంది.

టీచరు కళ్ళు వత్తుకునే మనిషి కాదు, కొంగుతో నా మీద పడ్డ ఆకులు తుడిచింది. నాకూ ఏదో అయింది. సిమెంటుకు ఏడుపు రాదు కదా, నల్గొండ దగ్గర సన్నగా ఒక పగులు ఇచ్చాను. ఎండకు బీటలు వారిందని అందరూ అనుకున్నారు.

మర్నాడు అధికారి వచ్చారు. ఇస్త్రీ ప్యాంటు, మెత్తని మాట. స్వంత ఊరు అమలాపురం పక్కనట. ఆ మాట వినగానే నా ఆయుష్షు మీద ఆశ వదిలేశాను. టీచరు సైగ చేసింది. ఝాన్సీ చెంబు వంచింది. నదులు మూడూ సిగ్గు లేకుండా ఈశాన్యానికి పోయాయి. పట్నాయక్ గారు కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం మొదలుపెట్టారు.

అధికారి వంగి చూసి నవ్వారు. "ఏం పాపా, మా కోనసీమను ఎండగట్టేశారేమిటి?"

"మా ఊరొచ్చీయండి సార్. పనిప్పిస్తాం. రేకుల షెడ్డు కూడా ఇప్పిస్తాం" అంది ఝాన్సీ. "మీ పిల్లల్ని మాత్రం నాయినమ్మకాడ ఒగ్గీసి రండి."

ఆయన నవ్వు సగంలో ఆగింది. "ఎవరు చెప్పారమ్మా నీకిది?"

"ఎవులూ సెప్పనేదు సార్. మావోళ్ళు అలాగే ఎలిపోనారు."

అప్పుడు టీచరు, "ఇప్పుడు రెండో పాఠం సార్" అంది. పిల్లలు బంకమట్టి ముద్దలు తెచ్చారు. ప్రతి నదికీ ఎడమపక్కన గట్టు కట్టారు. అంతమంది చేతులు నా మీద ఒక్కసారి పడితే నాకు చక్కిలిగింతలు పుట్టాయి. మళ్ళీ నీళ్ళు పోశారు. ఈసారి పెన్న నెల్లూరు వెళ్ళింది. కృష్ణ బెజవాడ దాటి సముద్రంలో దిగింది. గోదావరి రాజమండ్రి తాకి, కోనసీమను తడిపి, నీలం గుంటలో కలిసింది. తౌడు వాలును తౌడు వాలుగానే ఉంచి, పిల్లలు నీళ్ళకు దారి చూపించారు. అధికారి ఇస్త్రీ సంగతి మరిచిపోయి నా పక్కన గొంతుక్కూర్చున్నారు.

"బాగుందమ్మా. ఇదిగో, భద్రాచలం కింద గట్టు కారుతోంది. ఆ సందు మూసెయ్యండి."

గోదావరి ఎడమ గట్టుకు నిజంగానే వేలు పట్టేంత సందు ఉంది. అందులోంచి సన్నటి ధార శ్రీకాకుళం వైపు పోతోంది.

"అది కారడం కాదు సార్" అంది ఝాన్సీ. "నానే ఒగ్గినాను. మీకు సరిపోగా, మాకు కొంచెం."

ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నారు. కాసేపు పొలాల వైపు చూశారు. "హెడ్మాస్టరుగారూ, పటం ఉండనివ్వండి. ఆ సందు కూడా మూయించకండి" అని కారెక్కారు.

సైకిలు స్టాండు నైరుతి మూల వేశారు. బరువు ఉండాల్సింది అక్కడేనని తౌడు దగ్గరుండి మరీ కట్టాడు. ఝాన్సీ పది పాసై వెళ్ళిపోయింది. టీచరుకు బదిలీ అయింది. నాకు పాచి పట్టింది. రాయలసీమలో ఒక ముక్క ఊడింది, సముద్రం రంగు వెలిసి తెల్లబోయింది. అయినా ఏటేటా ఎనిమిదో తరగతి వస్తుంది, మట్టి తెస్తుంది, గట్లు కడుతుంది. చివర ఎవరో ఒక పిల్ల గోదావరి ఎడమ గట్టులో వేలు గుచ్చి తీస్తుంది. ఎవరు నేర్పారంటే ఏ పిల్లకూ తెలియదు, పైతరగతి వాళ్ళు అలాగే చేసేవారంటుంది. ఆ ధార ఏ పుస్తకంలోనూ లేదు, పరీక్షలో రాస్తే సున్నా వేస్తారు. అయినా చెంబు వంచగానే క్లాసంతా వంగి ముందు చూసేది ఆ సందు వైపే.