పొయ్యి నుంచి ఎంత దూరం

"ఎలాగూ నిలబడే ఉన్నావుగా, ఆ కళ్ళజోడు ఇలా అందుకో" అన్నారు మా ఆయన, నిన్న పొద్దున. నేను నిలబడి ఉన్నది పాలు పొంగకుండా చూడ్డానికి. కళ్ళజోడు ఉన్నది ఆయన కుర్చీ పక్క బల్ల మీదే. అందించి వచ్చేసరికి పాలు కాస్తా పొంగిపోయాయి. పొయ్యి దగ్గరుండి కూడా ధ్యాస ఎక్కడో అని అత్తగారు సణిగారు.

నేను కాలేజీలో లెక్కలు చెబుతాను. రేపు పై పోస్టు కోసం కమిటీ ముందు పాఠం చెప్పాలి. కదిలేవాటి కదలికను బహుపది గ్రాఫుగా గీసి చూపించడం. దానికింత ఆలోచనెందుకు, బంతి విసిరి చూపించు చాలు అన్నారాయన. బంతి అదృష్టమే అదృష్టం. పైకి పోతుంది, ఒక్కసారి మలుపు తిరుగుతుంది, కింద పడుతుంది. వర్గ సమీకరణంతో దాని బతుకు తేలిపోతుంది. మధ్యలో దాన్ని ఎవరూ పిలవరు.

అందుకే ఈ పొద్దున మా అమ్మాయిని వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టాను. నిమిషానికోసారి నేను పొయ్యికి ఎంత దూరంలో ఉన్నానో చుక్క పెట్టమన్నాను. సాయంత్రం ఆ చుక్కలకు గీత కుదర్చబోతే రెండో ఘాతం చాల్లేదు, మూడోదీ చాల్లేదు. ఘాతం పెంచేకొద్దీ గీత మలుపులు తిరుగుతూనే ఉంది. ఏ మలుపు దగ్గర ఎవరు పిలిచారో నాకు గుర్తే. పేపరు, అత్తగారి మాత్ర, ఫోను చార్జరు, మళ్ళీ పేపరు. ఇన్నేళ్ళూ నాకే చురుకు చాలదనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది.

పనిలో పనిగా అమ్మాయి వాళ్ళ నాన్న గ్రాఫు కూడా గీసింది. ఆయన వచ్చి రెండూ చూశారు.

"ఇదింకా మొదలుపెట్టలేదా? ఉత్త అడ్డగీతే ఉంది."

"అయిపోయింది నాన్నా. నువ్వు కుర్చీలోంచి లేవలేదుగా, స్థిర బహుపది వచ్చింది."

ఆయన మొహం మాడిపోయింది. ఇంటి గుట్టు నలుగురిలో పెడతావా, పోస్టు రాకపోతే పోయె, బుద్ధిగా బంతి గీసుకో అన్నారు. ఇల్లన్నాక ఆడది తిరక్కపోతే గోడలు తిరుగుతాయా అన్నారు అత్తగారు.

రేపటి కాగితాల్లోంచి బంతి బొమ్మ తీసేసి మా రెండు గ్రాఫులూ పైన పెట్టాను. నేను మాట వినేలా లేనని ఆయనకి అర్థమైనట్టుంది, గొంతు తగ్గించారు.

"కనీసం నా గీతైనా చెరిపెయ్యి."

"నేను చెరిపితే మారేది కాదండీ అది. మీరు లేవాలి."